పీహెచ్‌డీ మీది, దరఖాస్తు మేడం గారి పేరు మీద

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు. అనంతపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో 14 ఏళ్ళుగా చరిత్ర చెబుతున్నాను. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం నుంచి 2015లో పీహెచ్‌డీ వచ్చింది. దత్తమండలాల ఇనాం భూముల మీద నా పరిశోధన. నా భార్యకు 36. కర్నూలులో డిగ్రీ, తర్వాత ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఈడీ చేసి తొమ్మిదేళ్ళుగా ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెబుతోంది. ఇద్దరు పిల్లలు, ఒకరు ఆరో తరగతి, ఒకరు రెండు. మా కాలేజీలో బీఏ సెక్షన్ ఎన్నాళ్ళుంటుందో చెప్పలేని పరిస్థితి. కెనడా గానీ ఇంకో దేశం గానీ పోదామనుకుంటున్నాం. జాబ్ ఆఫర్ లెటర్ తెప్పిస్తామని, 12 లక్షలు అవుతుందని ఒక కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పారు. నాయన ఇచ్చిన మూడెకరాలు అమ్మేద్దామని ఉంది. చరిత్రలో పీహెచ్‌డీకి బయటి దేశాల్లో విలువ ఉందా? ఈ వయసులో పోవచ్చునా?
– ఒక అధ్యాపకుడు, అనంతపురం

సమాధానం:

సార్, ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. ఆ 12 లక్షలు ఎవరికీ ఇవ్వకండి. పాయింట్లను బట్టి శాశ్వత నివాసానికి పిలిచే కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో జాబ్ ఆఫర్ ఉంటే ఒకప్పుడు 50 పాయింట్లు, కొన్ని పెద్ద పదవులకైతే 200 కలిసేవి. 2025 మార్చి 25 నుంచి ఆ పాయింట్లను పూర్తిగా ఎత్తేశారు. అంటే మీకు అమ్మజూపుతున్న కాగితం నిజమైనదే అయినా మీ స్కోరు ఒక్క పాయింటు కూడా పెరగదు. దొంగదైతే తప్పుడు సమాచారం ఇచ్చారని తేలుస్తారు, అయిదేళ్ళ దాకా ఆ దేశం గడప తొక్కనివ్వరు. డబ్బు తీసుకుని కెనడా వీసా సలహా ఇచ్చేవాళ్ళు అక్కడి లాయర్లు గానీ, ఆర్‌సీఐసీ లైసెన్సు ఉన్న కన్సల్టెంట్లు గానీ అయి ఉండాలి. లైసెన్సు నంబరు అడిగి, దాన్ని ఇచ్చే సంస్థ వెబ్‌సైటులో పేరు కొట్టి చూడండి. విదేశంలో ఉద్యోగం ఇప్పిస్తామనేవాళ్ళకైతే మన విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ జాబితా ఈ-మైగ్రేట్ సైటులో ఉంటుంది. రెండు చోట్లా పేరు లేకపోతే ఇక వాళ్ళతో మాట్లాడే పనే లేదు.

పొలం కూడా ఇప్పుడే అమ్మొద్దు. ఎందుకో తర్వాత చెబుతాం.

ఇక అసలు ప్రశ్న. చరిత్రలో పీహెచ్‌డీకి విలువ ఉంది. అయితే వీసా ఆఫీసు దాన్ని చూసే తీరు వేరు, యూనివర్సిటీ చూసే తీరు వేరు. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్లే ఈ వయసులో చాలామంది అధ్యాపకులు డబ్బూ కాలమూ పోగొట్టుకుంటున్నారు. మీరు ఉత్తరంలో మేడం గారి గురించి రెండు వాక్యాలు రాసి వదిలేశారు. మీ కుటుంబానికి దారి ఆ రెండు వాక్యాల్లోనే ఉందని మా నమ్మకం.

లెక్క వేసి చూపిస్తాం. ఇద్దరూ ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్ష రాసి సీఎల్‌బీ 9, అంటే కెనడా భాషా కొలమానంలో తొమ్మిదో స్థాయి, తెచ్చుకున్నారనుకుందాం. మీ పేరు మీద దరఖాస్తు పెడితే వయసుకు 35 పాయింట్లు, పీహెచ్‌డీకి 140, ఇంగ్లీషుకు 116. చదువూ ఇంగ్లీషూ కలిసి ఉన్నందుకు 50, మూడేళ్ళకు మించిన అనుభవమూ ఇంగ్లీషూ కలిసి ఉన్నందుకు మరో 50. మేడం గారి ఎమ్మెస్సీకి 10, ఆమె ఇంగ్లీషుకు 20. మొత్తం 421.

అదే దరఖాస్తు మేడం గారి పేరు మీద పెట్టి, మిమ్మల్ని వెంట వచ్చే భర్తగా చూపిస్తే వయసుకు 65, ఎమ్మెస్సీకి 126, మిగతావన్నీ పైన చెప్పినట్టే, మీ చదువుకు 10, మీ ఇంగ్లీషుకు 20. మొత్తం 437. చదువులో పోయినవి 14, వయసులో కలిసొచ్చినవి 30. ఇంకో సంగతి కూడా గమనించండి. వెంట వచ్చేవారి గడిలో ఎంఏకైనా పీహెచ్‌డీకైనా అవే 10 పాయింట్లు. మీ పరిశోధన శ్రమను ఆ పట్టిక ఎంఏతో సమానంగానే చూస్తుంది. బాధ కలిగించే మాటే, కానీ దరఖాస్తు పెట్టే ముందే తెలియాల్సిన మాట.

వయసు పాయింట్లు కరిగిపోయే తీరు కూడా చూడండి. జీవిత భాగస్వామితో కలిసి వెళ్ళేవారికి 40 ఏళ్ళు నిండేదాకా ఏటా 5 పోతాయి, ఆ తర్వాత 44 దాకా ఏటా 10 పోతాయి, 45కు సున్నా. మీరు ఇప్పటికే ఆ నిట్టనిలువు దిగుడులో ఉన్నారు. మేడం గారికి ఇంకా నాలుగేళ్ళ వ్యవధి ఉంది.

437తో పిలుపు వస్తుందా అంటే, 2025 లెక్కల ప్రకారం రాదు. 2025లో కెనడా అందరికీ కలిపి డ్రాలు (స్కోరు వరసలో పిలుపులు) తీయలేదు. అక్కడే పనిచేస్తున్నవారికి, ప్రావిన్సు నామినేషన్ ఉన్నవారికి, ఎంచుకున్న కొన్ని కేటగిరీలకు మాత్రమే తీసింది. ఆ ఏడాది విద్యారంగాన్ని కొత్త కేటగిరీగా చేర్చారు. అందులో హైస్కూలు టీచర్లు ఉన్నారు, యూనివర్సిటీ లెక్చరర్లు లేరు. ఆ కేటగిరీలో 2025 మే 1న 479 దగ్గర, సెప్టెంబరు 17న 462 దగ్గర పిలిచారు. మేడం గారికి ఆ గీతకు పాతిక పాయింట్లు తక్కువ. ఇంగ్లీషులో సీఎల్‌బీ 10 తెస్తే 12 కలిసి 449 అవుతుంది. అయినా చాలదు.

చాలేలా చేసేది ఫ్రెంచి. నాలుగు విభాగాల్లోనూ ఫ్రెంచి ఏడో స్థాయి తెస్తే రెండో భాషకు 12, అదనంగా 50, మొత్తం 62 కలిసి 499 అవుతుంది. పైగా ఫ్రెంచి కేటగిరీ డ్రాలకూ అర్హత వస్తుంది. 2025లో ఆ డ్రాలు ఒకసారి 379 దాకా దిగాయి, ఎక్కువలో ఎక్కువ 481. లెక్కల మాస్టర్లకు వ్యాకరణం పద్ధతి ప్రకారం పట్టుబడుతుంది, కష్టమంతా వినడంలో వస్తుంది. అలియాన్స్ ఫ్రాన్సేజ్ హైదరాబాదులోనూ బెంగళూరులోనూ ఉంది, ఆన్‌లైన్ తరగతులు దొరుకుతాయి. సున్నా నుంచి మొదలుపెట్టి రోజుకు రెండు గంటలు కూర్చుంటే ఏడాదిన్నర పని. ఆ ఏడాదిన్నరలో వయసుకు 5 గానీ 10 గానీ పోతాయి, అయినా వచ్చేదే ఎక్కువ. ఫ్రెంచి పరీక్షలైన టెఫ్ గానీ టీసీఎఫ్ గానీ రాసేటప్పుడు కెనడా కోసమని ఉన్న రకాన్నే ఎంచుకోవాలి.

ఇంగ్లీషు పరీక్ష గురించి గట్టిగా చెప్పాల్సింది ఉంది. సీఎల్‌బీ 9 అంటే ఐఈఎల్‌టీఎస్ లిజనింగులో 8, మిగతా మూడింట్లో 7 చొప్పున రావాలి. మన వైపు అధ్యాపకులు తరచు దెబ్బతినేది రైటింగులో. పాఠం చెప్పే అలవాటులో పెద్ద పెద్ద వాక్యాలు రాసి, అడిగినదానికి నేరుగా జవాబు ఇవ్వక 6.5 దగ్గర ఆగిపోతారు. ఆ అర బ్యాండు ఖరీదు చూడండి: ఆ విభాగంలో 29కి బదులు 22 వస్తాయి, కలిసి ఉన్నందుకు ఇచ్చే రెండు యాభైలూ పాతికలవుతాయి. ఒక్క అర బ్యాండుకు 57 పాయింట్లు పోతాయి. అందుకని మూడు నెలలు ఆలస్యమైనా సరే, నమూనా పరీక్షల్లో రైటింగ్ 7 నిలకడగా వస్తున్నప్పుడే ఫీజు కట్టండి. కెనడాకు జనరల్ ట్రైనింగ్ రాయాలి, ఆస్ట్రేలియా టీచర్ అసెస్‌మెంటుకు అకడమిక్ రాయాలి. ఒకటి రాసి రెండో దేశానికి పంపితే చెల్లదు.

ఇప్పుడు కాగితాలు. ఇవి మన జిల్లాల్లో ఎక్కడ చిక్కుపడతాయో వివరంగా చెప్పాలి, ఎందుకంటే స్కోరు వచ్చి కూడా ఇక్కడ ఓడిపోయేవాళ్ళున్నారు. పిలుపు వచ్చాక దరఖాస్తు నింపడానికి ఇచ్చేది 60 రోజులే. ఆ రెండు నెలల్లో యూనివర్సిటీ చుట్టూ తిరిగితే పని కాదు.

మొదటిది ట్రాన్‌స్క్రిప్టులు. డిగ్రీలను కెనడా చదువుతో పోల్చే నివేదిక కావాలి, డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థలు ఇస్తాయి. అది అయిదేళ్ళు చెల్లుతుంది. మార్కుల వివరాలు యూనివర్సిటీ నుంచే నేరుగా వెళ్ళాలి, మీరు జిరాక్సులు పంపితే పక్కన పెట్టేస్తారు. మేడం గారు కర్నూలులో చదివారన్నారు. కర్నూలు కాలేజీలు 2008లో రాయలసీమ యూనివర్సిటీ వచ్చేదాకా ఎస్కేయూ (శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం) కిందే ఉండేవి. కాబట్టి కాలేజీ ఇప్పుడు ఎవరి కింద ఉందన్నది కాదు, మెమో పైన ఏ యూనివర్సిటీ పేరు అచ్చయి ఉంటే అక్కడే అడగాలి. ఆమెకు అది అనంతపురమే అయితే మీకు ఇంటి పక్కనే. డిగ్రీ మొదటి ఏడాది నుంచి అన్ని మెమోలు, కన్సాలిడేటెడ్ మెమో, కాన్వొకేషన్ పట్టా వరసగా పెట్టుకోండి. సప్లిమెంటరీ రాసిన పేపరుంటే ఆ మెమో కూడా ఉండాలి. ప్రొవిజనల్‌తోనే ఇన్నేళ్ళూ నడిపేసి, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) తీసుకోనివాళ్ళు మన దగ్గర చాలామంది. దానికి ఈ రోజే దరఖాస్తు పెట్టండి. మీ పీహెచ్‌డీకి డిగ్రీ ప్రదానమైందని యూనివర్సిటీ రాసిచ్చే ఉత్తరం కావాలి. పాయింట్లకు అవసరం లేకపోయినా అక్కడ ఉద్యోగాలకు పనికొస్తుంది, ఒకేసారి చేయించుకోండి.

రెండోది పేర్లు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఇంకోలా, పెళ్ళయ్యాక బ్యాంకు ఖాతాలో మరోలా. మన కంటికి అన్నీ ఒకే మనిషివి. నివేదిక ఇచ్చే గుమాస్తాకు నలుగురు మనుషులు. పాస్‌పోర్టులో ఉన్న పేరును ప్రమాణంగా పెట్టుకుని, మిగతా అన్ని రూపాలనూ అక్షరం పొల్లుపోకుండా రాసి, ఇవన్నీ ఒక్కరివేనని నోటరీ అఫిడవిట్ చేయించండి. పెళ్ళి రిజిస్టరు చేయించారో లేదో చూసుకోండి. సత్రంలో పెళ్ళయి, శుభలేఖ తప్ప ఇంకే ఆధారమూ లేని జంటలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్ళక తప్పదు. పిల్లల జనన ధ్రువపత్రాల్లో తల్లిదండ్రుల పేర్లు పాస్‌పోర్టుతో కలవాలి.

మూడోది, అన్నిటికన్నా ఎక్కువ దరఖాస్తులు కూలేది, అనుభవ పత్రం. మన ప్రైవేటు స్కూళ్ళు ఇచ్చే సర్వీసు సర్టిఫికెట్టులో 'వీరు మా పాఠశాలలో పనిచేశారు, ప్రవర్తన సంతృప్తికరం' అని రెండు వరుసలుంటాయి. కెనడా అధికారికి అది ఎందుకూ పనికిరాదు. లెటర్‌హెడ్ మీద, సంతకం పెట్టినవారి పేరూ హోదా ఫోనూ ఉండి, చేరిన తేదీ, హోదా, వారానికి ఎన్ని గంటలు, నెల జీతం ఎంత, ఏమేం పనులు అన్నవి రావాలి. పనులంటే ఇలా: ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు గణితం బోధన, వార్షిక, యూనిట్ పాఠ్య ప్రణాళికల తయారీ, ప్రశ్నపత్రాలు తయారుచేయడం, మూల్యాంకనం, వెనకబడిన పిల్లలకు ప్రత్యేక తరగతులు, తల్లిదండ్రుల సమావేశాలు. వారానికి 30 గంటలుంటే పూర్తికాలంగా లెక్క. ఈ నమూనాను మీరే టైపు చేసి తీసుకెళ్ళండి. కరస్పాండెంటు గారు తనంతట తాను ఇలా రాయరు, రాసి ఇస్తే సంతకం పెట్టడానికి అభ్యంతరమూ చెప్పరు.

జీతం సగం బ్యాంకులో, సగం చేతికి ఇచ్చే పద్ధతి ఉంటే అది పెద్ద చిక్కు. ఉత్తరంలో రాసిన జీతమూ బ్యాంకు స్టేట్‌మెంటూ కలవవు. ఈ నెల నుంచే మొత్తం ఖాతాలో వేయమని అడగండి. ఉత్తరంలో రుజువు చూపగలిగిన అంకెనే రాయించండి. పీఎఫ్ ఉంటే యూఏఎన్ పాస్‌బుక్కు మంచి సాక్ష్యం. విద్యా కేటగిరీకి గత మూడేళ్ళలోని అనుభవం చూపగలగాలి కాబట్టి, మధ్యలో ఉద్యోగం మానేసి ఫ్రెంచికే కూర్చోవాలన్న ఆలోచన పెట్టుకోవద్దు.

పొలం సంగతి ఇక్కడ వస్తుంది. కెనడాకు స్థిరపడే ఖర్చులు చూపాలి. 2025 జులై పట్టిక ప్రకారం నలుగురి కుటుంబానికి 28,362 కెనడా డాలర్లు, మన డబ్బులో సుమారు 18 లక్షలు. అది అప్పు తెచ్చింది కాకూడదు. పొలం, బంగారం, ఇంకా పాడని చీటీ లెక్కలోకి రావు, ఖాతాలో ఉన్న నగదు, డిపాజిట్లే వస్తాయి. గత ఆరు నెలల సగటు నిల్వ కూడా అడుగుతారు. అందుకే పిలుపు దగ్గర పడుతోందని తెలిశాక, ఆరేడు నెలల ముందు అమ్మితే చాలు. అమ్మేటప్పుడు కొనేవాళ్ళు రిజిస్ట్రేషన్ విలువకు దస్తావేజు రాసి మిగతాది నోట్ల కట్టలుగా ఇస్తామంటారు. ఒప్పుకోకండి. దస్తావేజులో 9 లక్షలుండి మీ ఖాతాలో 20 లక్షలు పడితే, ఆ తేడా ఎక్కడిదో వీసా అధికారికీ చెప్పలేరు, ఆదాయపు పన్ను వాళ్ళకూ చెప్పలేరు. ధర కాస్త తగ్గినా మొత్తం చెక్కు రూపంలో ఇచ్చేవారికే అమ్మండి. దీనికి తోడు 2024 ఏప్రిల్ రేట్ల ప్రకారం నలుగురికి దరఖాస్తు, శాశ్వత నివాస ఫీజులు 3,570 కెనడా డాలర్లయ్యేవి. వైద్య పరీక్షలు, టికెట్లు వేరే.

కెనడా ఒక్కదాని మీదే కూర్చోవద్దని కూడా చెబుతాం. ఫ్రెంచి సాగుతుండగానే మేడం గారు ఇంగ్లండులో క్వాలిఫైడ్ టీచర్ స్టేటస్‌కు, అంటే క్యూటీఎస్‌కు, దరఖాస్తు పెట్టాలి. 2023 ఫిబ్రవరి నుంచి భారతదేశంలో శిక్షణ పొందిన టీచర్లకు ఆ దారి తెరిచారు. కానీ మన దేశం నుంచి 11-16 ఏళ్ళ పిల్లలకు గణితం, సైన్సు, భాషలు చెప్పేవారికే. చరిత్ర టీచర్లకు లేదు. ఆ దరఖాస్తుకు ఫీజు లేదు, ప్రభుత్వ వెబ్‌సైటులోనే చేయాలి, దానికి డబ్బులడిగేవాళ్ళను నమ్మొద్దు. స్టేటస్ వచ్చినంత మాత్రాన వీసా రాదు. స్పాన్సర్ లైసెన్సున్న స్కూలు ఉద్యోగం ఇవ్వాలి. అక్కడి స్కూళ్ళు సెప్టెంబరులో మొదలయ్యే ఏడాదికి వసంతకాలంలోనే, అంటే ఎక్కువగా ఫిబ్రవరి నుంచి మే దాకా, ప్రకటనలు ఇస్తాయి. ఖర్చు తక్కువేమీ కాదు. ఆరోగ్య సర్‌చార్జి పెద్దవాళ్ళకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776. మూడేళ్ళ వీసాకు నలుగురికి 10,866 పౌండ్లు ముందే కట్టాలి. స్కూలు కడుతుందా లేదా అన్నది ఇంటర్వ్యూలో మొహమాటం లేకుండా అడగండి. శాశ్వత నివాసానికి ఉన్న అయిదేళ్ళ గడువును పదేళ్ళకు పెంచే ప్రతిపాదన 2025లో అక్కడి ప్రభుత్వం తెచ్చింది. దాన్నీ దృష్టిలో పెట్టుకోండి.

ఆస్ట్రేలియాలోనూ ఇదే కథ. 45 ఏళ్ళు నిండితే తలుపు మూస్తారు. వయసుకు మీకు 15 పాయింట్లు, మేడం గారికి 25. ఆమె చదువును ఏఐటీఎస్ఎల్ అనే సంస్థ పరిశీలిస్తుంది. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో రీడింగు, రైటింగు 7, లిజనింగు, స్పీకింగు 8 కావాలి. బీఈడీలో పర్యవేక్షణతో చేసిన టీచింగ్ ప్రాక్టీసు కనీసం 45 రోజులున్నట్టు కాలేజీ రాసివ్వాలి. పాత ఏడాది బీఈడీ వాళ్ళు ఈ రోజుల సంఖ్య దగ్గరే ఆగిపోతారు. ఫీజు కట్టే ముందు బీఈడీ కాలేజీ రికార్డులో ఎన్ని రోజులున్నాయో చూసుకోండి.

గల్ఫ్ గురించి క్లుప్తంగా. అక్కడి సీబీఎస్‌ఈ స్కూళ్ళకు బీఈడీ కావాలి, కాబట్టి అదీ ఆమెకే. యూఏఈ, ఖతార్‌లకు సర్టిఫికెట్ల మీద అపోస్టిల్ అనే ఒక్క ధ్రువీకరణ ముద్ర చాలదు, రాష్ట్రం, విదేశాంగ శాఖ, ఎంబసీ వరసగా ముద్రలు వేయాలి. శాశ్వత నివాసం ఆశ పెట్టుకోకుండా నాలుగు డబ్బులు వెనకేసుకోవడానికైతే సరే.

ఇక మీరు, సార్. మీ చదువు ఏం కావాలి?

విదేశీ యూనివర్సిటీలో పర్మనెంటు ఉద్యోగం మీద కుటుంబాన్ని నిలబెట్టే ఆలోచన చేయొద్దని స్పష్టంగా చెబుతున్నాం. అమెరికాలో చరిత్ర శాఖల ప్రకటనలు ఆగస్టు నుంచి నవంబరు దాకా వస్తాయి, ఒక్కో ఉద్యోగానికి అక్కడ చదివినవాళ్ళే పెద్ద సంఖ్యలో పోటీపడతారు. దానికి తోడు 2025 సెప్టెంబరు 21 నుంచి దేశం బయట ఉన్నవారి కొత్త హెచ్-1బీ పిటిషన్లకు లక్ష డాలర్లు కట్టాలన్నారు. ఒక చరిత్ర శాఖ ఆ డబ్బు పెడుతుందని ఆశించలేం. బ్రిటన్‌లో కార్డిఫ్ యూనివర్సిటీ 2025 జనవరిలో 400 ఉద్యోగాల కోత ప్రతిపాదించినప్పుడు ప్రాచీన చరిత్ర, ఆధునిక భాషలు, సంగీతం ఆ దెబ్బ తగిలే జాబితాలో ఉన్నాయి. మీ 14 ఏళ్ళ బోధన వాళ్ళ లెక్కలో తక్కువ, అచ్చయిన పరిశోధన ఎక్కువ. అందులోనూ డబ్బు కట్టి వేయించుకున్న పత్రికల్లోని వ్యాసాలు సీవీలో ఉంటే మేలుకన్నా కీడే. వాటిని తీసేయండి.

మరి ఏది నిలబడుతుంది? మీ అంశం. మన్రో 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరుగా ఉండి చేసిన భూమి లెక్కలు, ఆ తర్వాతి ఇనాం కమిషన్ రిజిస్టర్లు, మెకంజీ సేకరింపజేసిన కైఫీయతులు (గ్రామ చరిత్రల పత్రాలు) చదవాలంటే పందొమ్మిదో శతాబ్దపు తెలుగు చేతిరాత, అందులోని రెవెన్యూ మాటలు రావాలి. కుంచాలూ తూములూ లాంటి కొలతలు, శ్రోత్రియమూ అగ్రహారమూ లాంటి ఇనాములు, తరమూ తీర్వా లాంటి శిస్తు మాటలు తెలిసి, ఆ గొలుసుకట్టు రాత చదవగలిగినవాళ్ళు విదేశాల్లోనే కాదు, మన దగ్గరా కొద్దిమందే. ఇది మీ చేతిలో ఉన్న అసలైన అరుదైన పని. థీసిస్‌లో ఇందుకు సంబంధించిన రెండు అధ్యాయాలను ఎనిమిది వేల మాటల చొప్పున వ్యాసాలుగా తిరగరాయండి. థీసిస్ అధ్యాయాన్ని ఉన్నదున్నట్టు పంపితే తిప్పికొడతారు. పూర్వ పరిశోధనల సమీక్ష నాలుగో వంతుకు తగ్గించి, ఒకే వాదనను ముందుకు తెచ్చి, ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మీరు చూసిన రికార్డు నంబర్లతో నిలబెట్టాలి. ఇండియన్ ఎకనామిక్ అండ్ సోషల్ హిస్టరీ రివ్యూ లాంటి పత్రికకు మీ అంశం సరిపోతుంది. సమీక్షకు ఏడాది పట్టినా అది డబ్బు అడగని పత్రిక, చదివేవాళ్ళు చదివే పత్రిక. దగ్గరలో కడప బ్రౌన్ గ్రంథాలయం ఉంది, కైఫీయతుల ప్రతులు అక్కడ చూసుకోవచ్చు.

అంతరించే ప్రమాదంలో ఉన్న పత్రాలను డిజిటల్ చేయడానికి బ్రిటిష్ లైబ్రరీ ఎన్‌డేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ పేరుతో గ్రాంట్లు ఇస్తుంది. కరణాల ఇళ్ళల్లో, మఠాల్లో, పాత ఇనాందారుల పెట్టెల్లో ఉన్న కవిలెలు మీకు తెలిసే ఉంటాయి. ఒక సంస్థ ఆసరాతో చిన్న పైలట్ ప్రాజెక్టు చేస్తే ఆ పత్రాలూ బతుకుతాయి, రేపు లండన్‌లో మీ పేరూ తెలుస్తుంది. మేడం గారికి ఇంగ్లండులో ఉద్యోగం వస్తే, భర్తగా మీకు అక్కడ పనిచేసే హక్కు ఉంటుంది. ఇండియా ఆఫీసు రికార్డులున్నదీ అక్కడే. అందుకే మీ ఇద్దరి చదువులూ కలిపి చూస్తే కెనడా కన్నా ఇంగ్లండే మీకు పొందికైన చోటు అని మాకు అనిపిస్తోంది, స్థిరనివాసం ఆలస్యమైనా సరే.

పరిశోధన బయటి ఉద్యోగాలకు కూడా సిద్ధపడాలి. ఇక్కడ మీరు విలువ కట్టని పని ఒకటుంది: కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ ఫైళ్ళు. డిగ్రీ కాలేజీ అధ్యాపకుడు క్రైటీరియా పంచుకుని, ఐక్యూఏసీ (కాలేజీ నాణ్యతా విభాగం) మినిట్స్ రాసి, ఎస్ఎస్ఆర్ (కాలేజీ స్వీయ నివేదిక) నింపి, పీర్ టీమ్ ముందు నిలబడి ఉంటాడు. యూనివర్సిటీల్లో నాణ్యతా పర్యవేక్షణ, పరిశోధన గ్రాంట్ల నిర్వహణ, పరీక్షా బోర్డుల్లో ప్రశ్నపత్రాల తయారీ శాఖలకు కావాల్సింది ఆ అనుభవమే. సీవీ రెండు పేజీలు దాటకూడదు. తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఫొటో, కులం, చివరన 'పై వివరాలు నిజమని ప్రమాణం చేస్తున్నాను' అనే వాక్యం అన్నీ తీసేయండి. 'బీఏ విద్యార్థులకు చరిత్ర బోధించాను' అని కాకుండా, ఏటా ఎన్ని సెక్షన్లు, ఎంతమంది విద్యార్థులు, ఏ ఏడాది న్యాక్‌లో ఏ క్రైటీరియన్ మీరు చూశారు, దాని ఫలితంగా కాలేజీకి ఏ గ్రేడు వచ్చింది అని రాయండి. లైబ్రరీ, ఆర్కైవ్స్ పర్మనెంటు ఉద్యోగాలకు అక్కడి గుర్తింపున్న పీజీ కోర్సు సాధారణంగా అడుగుతారు. వెళ్ళాక, పార్ట్‌టైమ్‌లో చేసుకోండి. ముందే స్టూడెంటు వీసా మీద వెళ్దామని మాత్రం అనుకోవద్దు. పీహెచ్‌డీ ఉన్న 41 ఏళ్ళ మనిషి డిప్లొమాకు దరఖాస్తు పెడితే చదువు అసలు ఉద్దేశం కాదని అధికారి అనుమానించి తిరస్కరించడం మామూలే. ఆ తిరస్కరణను తర్వాతి దరఖాస్తులన్నిట్లోనూ చెప్పుకోవాల్సి వస్తుంది.

ఫెలోషిప్పుల గడువులు పీహెచ్‌డీ తేదీ నుంచి లెక్కకొస్తాయి. ఫుల్‌బ్రైట్-నెహ్రూ పోస్ట్‌డాక్టరల్‌కు నాలుగేళ్ళే, మీకు దాటిపోయింది. అధ్యాపకులకు విడిగా ఫుల్‌బ్రైట్-నెహ్రూ అకడమిక్ అండ్ ప్రొఫెషనల్ ఎక్సలెన్స్ ఉంది, ఉద్యోగం వదలకుండా సెలవు పెట్టి వెళ్ళొచ్చు. అయితే ముగిశాక రెండేళ్ళు మన దేశంలో ఉంటే తప్ప అమెరికా హెచ్ వీసా గానీ గ్రీన్ కార్డు గానీ రాదు. మీ దారి అమెరికా కాదు కాబట్టి మీకు అడ్డంకి కాదు. యూరప్‌లో మారీ క్యూరీ పోస్ట్‌డాక్టరల్‌కు ఎనిమిదేళ్ళకు మించిన పరిశోధన అనుభవం ఉండకూడదు. జర్మనీ హుంబోల్ట్ ఫౌండేషన్ అనుభవజ్ఞులైన పరిశోధకులకు పన్నెండేళ్ళ దాకా అవకాశం ఇస్తుంది. 2015 పట్టాతో మీకు 2027 దాకా సమయముంది. దానికి అక్కడి ప్రొఫెసరు ఆహ్వానం ముందు కావాలి. దక్షిణాసియా చరిత్ర చెప్పే ప్రొఫెసర్లున్న హైడెల్‌బర్గ్, గొట్టింగెన్ లాంటి చోట్లు చూసి, ఒకరి తర్వాత ఒకరికి రాయండి, ఒకే మెయిల్ పదిమందికి పంపొద్దు. ఇరవై వరుసలు చాలు: ఏ రికార్డుల మీద పనిచేశారు, వాటిని చదవడానికి ఏం కావాలి, ఏ ప్రశ్న మిగిలింది, వాళ్ళ పరిశోధనకు అది ఎక్కడ తగులుతుంది. తిరగరాసిన అధ్యాయం ఒకటి జతచేయండి, సీవీ రెండో మెయిలుకు. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేసి తర్వాతి పేరుకు వెళ్ళండి. ఆ అధ్యాయం ఇంకా తిరగరాయలేదు కాబట్టి, ఈ సెమిస్టరు పేపర్లు దిద్దడం అయిపోగానే మొదలుపెట్టాల్సింది దానితోనే. మేడం గారు అదే వారం ఎస్కేయూలో ట్రాన్‌స్క్రిప్టుల చలానా కడతారు.